పండ్ల సోర్ బీర్: ఉండాల్సిన పులుపా, పాడైన పులుపా? (బెంగళూరు)

ఇందిరానగర్_వాసి
ఈ మధ్య బెంగళూరులో ఏ బ్రూపబ్బుకి (బీరు అక్కడే తయారుచేసే పబ్బు) వెళ్లినా బోర్డు మీద ఒక పండ్ల సోర్ ఉంటోంది. జామ, మామిడి, నల్ల ద్రాక్ష, నేరేడు, పాషన్ ఫ్రూట్. లాగరో వీట్ బీరో అయితే బాగుందో లేదో ఒక గుక్కలో తెలిసిపోతుంది. సోర్ దగ్గరే నాకు లెక్క తెగట్లేదు. మూడు అనుమానాలు:
ఇంత పులుపు ఉండాల్సిందేనా, కెగ్‌లో (బీరు పీపాలో) పాడైందా?
ద్రాక్ష సోర్‌లో అచ్చం పిల్లలు చప్పరించే బిళ్ల వాసన. ఎసెన్స్ పోశారా?
మామిడి సోర్ అన్నారు, తీపే లేదు. అసలు మామిడి పడిందా?
శనివారం నలుగురం కూర్చుని వరసగా రుచి చూద్దామనుకుంటున్నాం. ఏది ముందు, ఏది తర్వాత, ఏం గమనించాలి? బాగుంది, బాలేదు అని కాకుండా కాస్త వివరంగా చెప్పండి.

నాలుగో_గ్లాసు
సోర్ అంటేనే చెడిపోయిన బీరు. మంచి వీట్ బీర్ చెప్పుకుని హాయిగా తాగండి.

వోర్ట్_మేస్త్రి
పై మాట ఒప్పుకోను. పాలు విరిగితే పారబోస్తాం, అవే పాలు తోడేస్తే పెరుగు. సోర్‌లో పని చేసేదీ ఆ తోడు జాతి బ్యాక్టీరియానే, లాక్టోబాసిల్లస్.

ఇక్కడ పబ్బుల్లో దొరికే పండ్ల సోర్లు ఎక్కువగా కెటిల్ సోర్లు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, గోధుమ గింజల్ని (మాల్ట్) వేడినీళ్లలో నానబెట్టి తియ్యటి రసం తీస్తారు, దాన్నే వోర్ట్ అంటారు. కాసేపు మరగనిచ్చి 35-40 డిగ్రీలకు దించుతారు. కొంచెం లాక్టిక్ యాసిడ్ వేసి పీహెచ్ (ఈ అంకె ఎంత తగ్గితే అంత ఆమ్లం) 4.5 దాకా ముందే తగ్గిస్తారు. ఈ పని వేరే చెడ్డ బ్యాక్టీరియాకి చోటు లేకుండా చేయడానికి. తర్వాత లాక్టో వేసి, గాలి తగలకుండా పైన కార్బన్ డయాక్సైడ్ నింపి 24 నుంచి 48 గంటలు వదిలేస్తారు. పీహెచ్ 3.2-3.5 మధ్యకి దిగాక మళ్లీ మరిగిస్తే లాక్టో చచ్చిపోతుంది. ఆపైన ఈస్ట్ వేసి పులియబెట్టడం. చేదు కోసం వేసే హాప్స్ పువ్వులు నామమాత్రం, చేదు కొలతలో 10 ఐబీయూ లోపు, ఎందుకంటే చేదూ పులుపూ ఒకదాన్నొకటి పొడుస్తాయి. పండ్ల గుజ్జు చివర్లో.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. రెండో మరుగు అయ్యాక పులుపు అక్కడికి ఆగిపోయింది. పోయిన వారం తాగిన అదే బ్యాచ్ ఈ వారం ఇంకా పుల్లగా అనిపిస్తే కెగ్‌లోనో పైపులోనో ఇంకేదో చేరింది. మామూలు లాగర్ పీహెచ్ 4.2-4.5 ఉంటుంది కాబట్టి మొదటిసారి తాగేవాళ్లకి సోర్ ఎంత శుభ్రంగా చేసినా షాక్ కొడుతుంది. మొదటి గుక్కని లెక్కలోకి తీసుకోకండి.

చింతచిగురు
మేస్త్రి గారు తయారీ చెప్పారు కాబట్టి నోటి సంగతి నేను చెప్తా. పులుపు ఎంత అని కాదు, *ఏ* పులుపు అని అడగాలి. చింతపండు, మామిడికాయ, నిమ్మకాయ, పుల్ల పెరుగు కళ్లు మూసుకుని పెట్టినా మనం విడదీసి చెప్పేస్తాం. సోర్ తాగేటప్పుడూ అదే పని.

లాక్టిక్: పుల్ల మజ్జిగ పులుపు. గుండ్రంగా, మెల్లగా వచ్చి నాలుకంతా పరుచుకుంటుంది. కెటిల్ సోర్‌కి పునాది ఇదే.
సిట్రిక్: నిమ్మకాయ. టక్కున గుచ్చి టక్కున పోతుంది. పాషన్ ఫ్రూట్, కమలా వేస్తే ఇది కనిపించాలి.
మాలిక్: పచ్చి యాపిల్. దవడల కింద జివ్వుమని కాసేపు ఉంటుంది.
టార్టారిక్: చింతపండు, ద్రాక్ష. గట్టిగా, కొంచెం పొడిగా.
ఎసిటిక్: నూడుల్స్ బండి మీద సీసాలో ఉండే వెనిగర్. ముక్కులో ఘాటు, గొంతులో మంట. కెటిల్ సోర్‌లో దీనికి చోటు లేదు. ఇది తగిలితే గ్లాసు పక్కన పెట్టేయొచ్చు.

మంచి పండ్ల సోర్‌లో రెండు పులుపులు విడివిడిగా దొరుకుతాయి: కింద మజ్జిగ పులుపు, పైన పండు పులుపు. ఒక్కటే ముద్దగా ఉంటే పండు తక్కువైనా పడుండాలి, లాక్టిక్ యాసిడ్ సీసాలోంచి నేరుగా పోసి పని కానిచ్చైనా ఉండాలి.

ఇంకోటి, పులుపూ వగరూ కలిపేసుకోవద్దు. పులుపుకి నోట్లో నీళ్లూరతాయి, వగరుకి నోరు ఆరిపోతుంది. నేరేడు సోర్ "మరీ పుల్లగా ఉంది" అనేవాళ్లలో చాలామందికి నిజంగా తగిలింది తొక్కలోని వగరు.

పీహెచ్_మీటర్
@వోర్ట్_మేస్త్రి పీహెచ్ అంకె చూసి పులుపు చెప్పేయడం నాకు నచ్చదు. ఒకే 3.4 పీహెచ్ ఉన్న రెండు బీర్లలో ఒకటి సుతిమెత్తగా, ఒకటి పళ్లు పులిసిపోయేలా ఉండొచ్చు. నాలుకకి తెలిసేది మొత్తం ఆమ్లం ఎంతుందన్నది. పండు పడగానే ఆ లెక్క పెరుగుతుంది, పీహెచ్ మాత్రం అంతగా కదలకపోవచ్చు. పైగా మిగిలిన తీపి పులుపుని కప్పేస్తుంది, గ్యాస్ పెంచి చూపిస్తుంది.
రుచి చూసేవాళ్లకి చిట్కా: గ్లాసులో సగం తాగాక గట్టిగా తిప్పి గ్యాస్ పోనిచ్చి మళ్లీ ఒక గుక్క తాగండి. గ్యాస్ పొడుపు పోయాక మిగిలేదే అసలు పులుపు.

వోర్ట్_మేస్త్రి
@పీహెచ్_మీటర్ ఒప్పుకుంటా. పీహెచ్ మాకు ఎప్పుడు ఆపాలో చెప్పే అంకె, రుచికి కొలత కాదు. అయినా చాలా చోట్ల పీహెచ్ మీటర్‌ని 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచూడకుండా, గ్యాస్ తీయని సాంపుల్‌లో ముంచి అంకె రాసుకుంటారు. ఆ అంకెకి విలువ లేదు.

ఇందిరానగర్_వాసి
నీళ్లూరడం, ఆరిపోవడం తేడా భలే పనికొస్తుంది చింతచిగురు గారూ. ద్రాక్ష సంగతి ఎవరైనా తేల్చండి.

మాగడి_రోడ్డు
ఎసెన్స్ అని తీర్పు ఇచ్చేముందు ఏ ద్రాక్షో అడిగారా? బెంగళూరు చుట్టుపక్కల, దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర, చిక్కబళ్లాపుర వైపు పండే నల్ల ద్రాక్ష బెంగళూరు బ్లూ. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అది వైన్‌కి వాడే యూరప్ జాతి కాదు, అమెరికా లాబ్రస్కా జాతి రక్తం ఉన్నది. ఆ జాతి ద్రాక్షలో మిథైల్ ఆంథ్రనిలేట్ అనే పదార్థం సహజంగా ఉంటుంది. ద్రాక్ష బిళ్లల్లో, ద్రాక్ష సోడాలో వాసన కోసం వేసేదీ అదే. అంటే మీ ముక్కు సరిగ్గానే పట్టింది, ఆ వాసన మాత్రం పండుదే కావచ్చు, ఎసెన్స్‌ది కానక్కర్లేదు.

ఎసెన్స్‌ని పట్టుకోవాలంటే: గ్లాసు ముక్కు దగ్గర పెడితే గుప్పుమంటుంది, నోట్లో పోస్తే ఏమీ ఉండదు. నిజమైన పండైతే మింగాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదిలినప్పుడు వాసన మళ్లీ వస్తుంది, చిగుళ్ల మీద తొక్క వగరు పట్టుకుంటుంది, గ్లాసు అడుగున సన్నటి మడ్డి కనిపిస్తుంది.

నాలుగో_గ్లాసు
ఇది నాకు తెలియదు. సండే సంతలో కేజీ కొనుక్కుని తినే ద్రాక్షే కదా!

మాగడి_రోడ్డు
అదే. గింజలున్న నల్లది, తొక్క సులువుగా జారిపోయేది.

రాయలసీమ_రుచి
మామిడి గురించి నేను చెప్తా, మా చిత్తూరు పక్క పని ఇది. పబ్బులో మామిడి సోర్ అంటే ఎక్కువగా డబ్బా గుజ్జే. ఏడాది పొడుగునా దొరికేదీ, ఒక్క తీరుగా ఉండేదీ అదే. చిత్తూరు, కృష్ణగిరి ఫ్యాక్టరీల్లో తోతాపురి గుజ్జు కనీసం 14 బ్రిక్స్, ఆల్ఫాన్సో అయితే 16. అంటే నూరు గ్రాముల్లో 14-16 గ్రాములు చక్కెర లాంటివి.

ఇప్పుడు లెక్క. 5 శాతం ఆల్కహాల్ ఉన్న లీటరు బీరులో 200 గ్రాముల గుజ్జు వేస్తే అందులో చక్కెర సుమారు 30 గ్రాములు. ఈస్ట్ దాన్ని దాదాపు మొత్తం తినేస్తుంది. గుజ్జులోని నీళ్లకి బీరు పలచనైనా చివరికి 5.7 దగ్గర తేలుతుంది. తీపి మాత్రం గల్లంతు. తీపి పోయిన మామిడి ఎట్ల ఉంటుంది? మాగని కాయకీ పండుకీ మధ్య, కొంచెం జిగురు వాసన, తొడిమ దగ్గర సొన వాసన. మనకి మామిడి అంటే తీపితో ముడిపడిపోయింది, అందుకే తీపి లేనిచోట ముక్కు కూడా మామిడిని గుర్తుపట్టదు. మామిడి పడలేదని కాదన్నా.

తోతాపురి వేస్తే ఈ తేడా ఇంకా ఎక్కువ. దానికి పులుపుంది కానీ వాసన తక్కువ. బోర్డు మీద ఆల్ఫాన్సో అని రాసి వాసన లేదంటే అడగండి.

గోదారోడు
అందుకేనండీ చాలాచోట్ల పులిశాక మళ్లీ గుజ్జు పోసేస్తున్నారు. చిక్కగా, తియ్యగా, స్మూతీ సోర్ అని పేరు. అది బీరెలా అవుద్దండీ, జ్యూసు!

మాగడి_రోడ్డు
@గోదారోడు బెర్లిన్‌లో బెర్లినర్ వైస్సే అనే పుల్ల గోధుమ బీరులో రాస్ప్‌బెరీ సిరప్పో ఉడ్రఫ్ అనే మొక్క పేరుతో వచ్చే ఆకుపచ్చ సిరప్పో పోసుకుని తాగడం పాత అలవాటు. తీపి కలపడం కొత్తగా వచ్చిన పాపం కాదు.

గోదారోడు
అక్కడ గ్లాసులో పోసుకుంటారండీ, తాగేవాడి ఇష్టం. ఇక్కడ ట్యాంకులోనే పోసేసి కింద బీరు ఎలా ఉందో తెలీకుండా చేసేస్తున్నారు. నా బాధ అది.

వోర్ట్_మేస్త్రి
గోదారోడు గారి పాయింటు నిజం. గుజ్జు తీపి తప్పుల్ని బాగా దాస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పులియని చక్కెర, బతికున్న ఈస్ట్ ఒకే చోట ఉంటే చల్లదనం తప్పిన మరుక్షణం మళ్లీ పులియడం మొదలు. క్యాన్లు ఉబ్బి పగలడానికి కారణం ఇదే.

వైట్‌ఫీల్డ్_విజ్జి
స్మూతీ, మిల్క్‌షేక్ సోర్లలో చాలావాటిలో లాక్టోజ్ వేస్తారు. అది పాల చక్కెర, బీరు ఈస్ట్ తినలేదు కాబట్టి తీపి అలాగే నిలుస్తుంది. పాలు పడనివాళ్లు, పాల పదార్థాలు మానేసినవాళ్లు తాగేముందు అడిగి తీరాలి. బోర్డు మీద ప్రతిచోటా రాయరు.
ఎసిడిటీ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో సోర్ వద్దు. తాగిన వెంటనే పళ్లు తోమకండి, నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి. ఇంత ఆమ్లం తగిలాక పంటి ఎనామిల్ కాసేపు మెత్తబడి ఉంటుంది.

ఇందిరానగర్_వాసి
మంచి మాట విజ్జి గారూ, మాలో ఒకరికి పాలు పడవు. మరి పాడైనది ఎలా పట్టుకోవాలి? వెనిగర్ ఒకటి అర్థమైంది.

వోర్ట్_మేస్త్రి
వాసనలతో చెప్తా, గుర్తుంటాయి.

పసిపిల్లలు కక్కిన పాల వాసన: బ్యూటిరిక్ యాసిడ్. వోర్ట్‌ని పులుపు పెట్టే దశలో పీహెచ్ ముందే తగ్గించకపోతే, వేడి నిలకడగా లేకపోతే క్లాస్ట్రిడియం లాంటి బ్యాక్టీరియా చేరి చేసే పని. రెండో మరుగుతో ఆ జీవి చచ్చినా వాసన పోదు. పండు కూడా దీన్ని కప్పలేదు. ఇది వస్తే వెనక్కి పంపేయండి, మొహమాటం వద్దు.
విప్పి పడేసిన సాక్స్ వాసన, పాత చీజ్: ఐసోవలెరిక్. ఇదీ తప్పే.
ఉడికించిన మొక్కజొన్న నీళ్లు: డీఎంఎస్. లేత రంగు మాల్ట్ వాడి సరిగ్గా మరిగించకపోతే. కెటిల్ సోర్లలో మరుగు సమయం కోసేస్తారు, అందుకే ఇది తరచూ తగులుతుంది.
సినిమా హాలు పాప్‌కార్న్ మీది వెన్న: డయాసిటిల్. ఈస్ట్ పని ముగించకుండానే చల్లార్చారు, లేదా పెడియోకాకస్ అనే బ్యాక్టీరియా దూరింది, లేదా పైపులు కడగలేదు.
పచ్చి యాపిల్, కొత్త పెయింట్ మధ్య వాసన: ఎసిటాల్డిహైడ్. ఇంత పులుపులో ఈస్ట్ ఇబ్బంది పడుతుంది, మామూలు కంటే ఎక్కువ ఈస్ట్ వేయాలి, లేకపోతే ఇలా మిగిలిపోతుంది.

తప్పు కానివి కూడా చెప్పాలి. నురగ తొందరగా పడిపోవడం సోర్‌లో మామూలే. నురగని నిలబెట్టే ప్రొటీన్‌ని కొన్ని లాక్టో రకాలు తినేస్తాయి. పచ్చి అనాసలోని బ్రోమెలైన్ కూడా అదే పని చేస్తుంది. మసకగా ఉండటం పండులోని పెక్టిన్ వల్ల. స్ట్రాబెరీ సోర్ ఎర్రగా లేదని గొడవ పెట్టుకోకండి, పులిశాక స్ట్రాబెరీ రంగూ పోతుంది, వాసనా సగం పోతుంది. రక్తంలా ఎర్రగా మెరుస్తుంటేనే ఏం కలిపారని అడగాలి.

కుళాయి_దగ్గర
ఒకటి వదిలేశారు మేస్త్రి గారూ, ఎలుక వాసన. టీహెచ్‌పీ అంటారు. ముక్కుకి అసలు తెలీదు, మొదటి క్షణం నోటికీ తెలీదు. మింగిన ఐదారు సెకన్ల నుంచి అర నిమిషం లోపు గొంతు వెనక పేలాల వాసన, దాని వెనకే ఎలుకల బోను వాసన లేస్తుంది. కారణం, పుల్లటి బీరులో ఆ పదార్థం ఆవిరి కాలేదు. మన ఉమ్మి తగిలి పులుపు తగ్గాక పైకొస్తుంది. కొందరికి ఎంత ఉన్నా తెలీదు, కాబట్టి నలుగురిలో ఇద్దరు మొహం చిట్లించి ఇద్దరు బాగుందంటే ఎవరూ అబద్ధమాడట్లేదు.
పరీక్ష: రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్ది ఆరాక వాసన చూడండి. చర్మానికి అంత పులుపు ఉండదు కాబట్టి అక్కడే బయటపడుతుంది.

వైట్‌ఫీల్డ్_విజ్జి
అరచేతి పరీక్ష సబ్బు వాసన లేని చేతితో చేయండి.

లాంబిక్_భక్తుడు
ఇదంతా రెండు రోజుల పులుపు గురించి. బెల్జియంలో సెన్ నది లోయలో చేసే లాంబిక్ చూడండి. వోర్ట్‌ని వెడల్పాటి తెరిచిన తొట్టెలో రాత్రంతా ఆరబెడితే గాలిలో ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియా వాటంతట అవే చేరతాయి. ఆపైన చెక్క పీపాల్లో ఒకటి నుంచి మూడేళ్లు. చెర్రీలు నానబెడితే క్రీక్. సోర్ అంటే అది.

చింతచిగురు
@లాంబిక్_భక్తుడు గొప్పదే, కాదనను. కానీ ఆ కొలబద్దతో కెటిల్ సోర్‌ని కొలిస్తే అన్యాయం. లాంబిక్‌లో బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్ తెచ్చే పశువుల కొట్టం వాసన, కొంచెం వెనిగర్ అంచు అందం. అవే కెటిల్ సోర్‌లో ఉంటే తప్పు. ఇందిరానగర్ గారు అడిగింది రెండోదాని గురించి.

శనివారం వరస చెప్తాను. ఒక్కొక్కరికి ఒక్కో రకం 100 మిల్లీ చాలు. జామ ముందు. ఎర్ర జామ వాసన పులిశాక కూడా నిలుస్తుంది, పులుపు మెత్తన, నోరు అలవాటు పడుతుంది. తర్వాత మామిడి. మూడోది ద్రాక్ష. చివర పాషన్ ఫ్రూట్, దాని పులుపు ముందు మిగతావన్నీ నీళ్లలా అనిపిస్తాయి.

మాగడి_రోడ్డు
నేరేడు ఉంటే చివర నేరేడే పెట్టాలి. పాషన్ ఫ్రూట్ పులుపు రెండు గుక్కల నీళ్లతో పోతుంది. నేరేడు వగరు నాలుకకి అతుక్కుని పది నిమిషాలైనా వదలదు, దాని తర్వాత ఏది తాగినా గరుకే.

చింతచిగురు
అది సబబే. నేరేడు ఆఖరు, దాని ముందు పాషన్ ఫ్రూట్. స్మూతీ రకం ఏదైనా ఉంటే అన్నీ అయ్యాక. తీపి తర్వాత తాగితే మామూలు సోర్ కూడా రెండింతలు పుల్లగా తగులుతుంది. ఐపీఏ (హాప్స్ చేదు ఎక్కువున్న బీరు) అయితే ఆ పూటకి వద్దు.

కుళాయి_దగ్గర
కుళాయి నుంచి 3-4 డిగ్రీల్లో వస్తుంది, అప్పుడు పులుపు తప్ప ఏమీ తెలీదు. ఐదు పది నిమిషాలు ఆగి 7-8 డిగ్రీలకి రానిచ్చి వాసన చూడండి. గ్లాసు అంచు లోపలికి వంగినది అడగండి, సగం వరకే పోయమనండి. గోడలకి బుడగలు అతుక్కుని ఉంటే గ్లాసు శుభ్రంగా లేదు, మార్పించుకోండి. ఆర్డర్ ఇచ్చేముందు చిన్న సాంపుల్ అడిగితే చాలా చోట్ల ఇస్తారు. పొద్దున్నే మొదటి గ్లాసు మాత్రం వద్దు, రాత్రంతా పైపులో నిలిచిన బీరు అది. పండు గుజ్జు వెళ్లే పైపు రెండు వారాలకోసారైనా కడగకపోతే అందులోనే వెనిగర్ తయారవుతుంది. పక్క కుళాయిలో లాగర్ కూడా తేడాగా ఉంటే తప్పు బీరుది కాదు, పైపులది.

నాలుగో_గ్లాసు
మరి నంచుకోడానికి? మిరపకాయ బజ్జీ పడుద్దా?

రాయలసీమ_రుచి
రుచి చూసేటప్పుడు వద్దు. కారం మీద గ్యాస్, పులుపు, ఆల్కహాల్ పడితే మంట రెట్టింపు, పండు వాసన చచ్చిపోతుంది. మధ్యమధ్య మామూలు నీళ్లు, ఉప్పు లేని బిస్కెట్టో తెల్లన్నమో. రుచి చూడటం అయ్యాక వేయించినవి ఏవైనా బాగుంటాయి, నూనె జిడ్డుని ఈ పులుపు కోసేస్తుంది. చేప వేపుడుకి జామ సోర్ పెట్టి చూడండి. కారం బాగా ఉన్న ఆంధ్రా చికెన్‌కి మాత్రం తీపి మిగిలిన రకమే ఆగుతుంది.

గోదారోడు
ఉప్పు, ధనియాలు పడే గోసే అని జర్మన్ రకం ఉందండీ. ఎక్కడైనా మామిడికాయతో చేసిన గోసే కనబడితే వదలొద్దు. ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్క తిన్న నోటికి దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు.

వైట్‌ఫీల్డ్_విజ్జి
హైబిస్కస్ సోర్ అని గులాబీ రంగులో వస్తే అదీ పరాయిది కాదు. అందులో వేసేది మందార పువ్వు కాదు, ఎర్ర గోంగూర మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్రటి పుష్పకోశం. ఆ రంగు పులుపులో ఇంకా ఎర్రబడుతుంది.

ఇందిరానగర్_వాసి
వరస రాసుకున్నా: జామ, మామిడి, ద్రాక్ష, నేరేడు. పాషన్ ఫ్రూట్ ఇంకోసారి. చివరి ప్రశ్న, గ్రౌలర్‌లో (కుళాయి నుంచి బీరు నింపిచ్చే మూత సీసా) ఇంటికి తెచ్చుకుంటే ఎన్ని రోజులు ఆగుతుంది?

వోర్ట్_మేస్త్రి
మూత తీయకుండా ఫ్రిజ్‌లో రెండు రోజులు, తీశాక అదే పూట. కుళాయి నుంచి నింపేటప్పుడే గాలి చేరుతుంది, ముందు పోయేది పండు వాసనే. కారులో వదిలేసి షాపింగ్‌కి వెళ్లకండి, గుజ్జు ఉన్న రకమైతే ఒత్తిడి పెరుగుతుంది. తెరిచేటప్పుడు సింక్ మీద పెట్టి మూత పావు వంతు తిప్పి, గ్యాస్ శబ్దం ఆగాక మిగతాది తిప్పండి. అడుగున మడ్డి దిగి ఉంటుంది, మూత తీసేముందే ఊపకుండా నిదానంగా ఒకసారి తలకిందులు చేసి, ఆ తర్వాత తెరిచి పోసుకోండి, లేకపోతే మొదటి గ్లాసులో బీరు, ఆఖరి గ్లాసులో గుజ్జు వస్తుంది.